పండ్ల పొడికి ‘యాంటీ ఆక్సిడెంట్’ పరీక్ష: నివేదిక చదవడం తెలిశాకే ఒప్పందంపై సంతకం

పోయిన వేసవిలో దాళ్వా మాసూళ్లు అయ్యాక అత్తిలి మండలానికి చెందిన ఒక రైతు రెండు కాగితాలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఒకటి ప్రయోగశాల ఇచ్చిన ఒక పేజీ నివేదిక. జామకాయ పొడిలో ‘యాంటీ ఆక్సిడెంట్ చర్య 85 శాతం’ అని అందులో ఉంది. రెండోది ఒప్పందం. ఎకరం వరి చేను తీసి ఎర్ర గుజ్జు జామ వేస్తే, పొగ, దుమ్ము నుంచి చర్మాన్ని కాపాడే క్రీముల తయారీకి కాయ కొంటామని దాని సారాంశం. మొక్కలు వాళ్ల దగ్గరే కొనాలి. డబ్బు ముందే కట్టాలి. కాయ మాత్రం ‘తగిన నాణ్యత ఉంటే’ తీసుకుంటారు. ఆ తగిన నాణ్యత ఏమిటో ఎక్కడా రాయలేదు.

“ఎనభై ఐదు వచ్చిందంటండి. పాసైనట్టే కదండీ?” అని ఆయన అడిగారు.

పాసు, ఫెయిలు అని చెప్పే పరీక్ష కాదది. ఆ అంకె దేనికి చెల్లుతుందో, దేనికి చెల్లదో తెలియకుండా ఎకరం చేను మార్చుకుంటే నష్టపోయేది రైతే. పండ్లలోని యాంటీ ఆక్సిడెంట్లను చర్మ సంరక్షణ సరుకులకు వాడే ముందు ఎలా పరీక్షిస్తారు, ఏ పరీక్ష ఎంతవరకు నమ్మాలి, రైతు, డ్వాక్రా సంఘం ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నవి ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

యాంటీ ఆక్సిడెంట్లు అంటే ఏమిటి? కాలుష్యంతో వాటికేం సంబంధం?

కోసిన జామ ముక్క కాసేపటికి గోధుమ రంగుకు తిరుగుతుంది. నిమ్మరసం రాస్తే త్వరగా రంగు మారదు. గాలిలోని ఆక్సిజన్‌తో జరిగే ఈ మార్పును ఆక్సీకరణ అంటారు. దాన్ని ఆపే లేదా ఆలస్యం చేసే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. నిమ్మరసంలో ఆ పని చేసేవి ప్రధానంగా విటమిన్ సి, పులుపు.

మన చర్మం మీద సహజంగా ఊరే జిడ్డులో స్క్వాలీన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. వాహనాల పొగ, సిగరెట్ పొగ, ఓజోన్ వాయువు, ఎండ తగిలితే అది ఆక్సీకరణ చెందుతుంది. అలా పుట్టిన పదార్థాలు చర్మాన్ని రేపుతాయి. గాలిలోని సన్నని ధూళి కణాలకు అంటుకుని వచ్చే రసాయనాలు కూడా చర్మ కణాల్లో ఇలాంటి ఒత్తిడే కలిగిస్తాయి. జర్మనీలో సుమారు 400 మంది మహిళలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వాహనాల మసి ఎక్కువగా ఉన్నచోట నివసించేవారి ముఖంపై నల్ల మచ్చలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కాలుష్యం నుంచి రక్షణ పేరుతో క్రీముల అమ్మకం పెరగడానికి ఇలాంటి పరిశోధనలు ఒక కారణం.

ఇది నగరాల సమస్య మాత్రమే కాదు. జాతీయ రహదారి పక్క ఊళ్లలో వాహనాల పొగ, రైసు మిల్లుల చుట్టుపక్కల ఊక బూడిద, కోతల తర్వాత గడ్డి తగలబెట్టినప్పుడు వచ్చే పొగ మన డెల్టాలోనూ ఉన్నాయి. గడ్డి పొగను క్రీము రాసుకుని ఎదుర్కోవడం కంటే గడ్డి తగలబెట్టకపోవడమే మేలు.

మన ప్రాంతపు పండ్లలో ఏముంది?

జామ: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. ఎర్ర గుజ్జు రకాల్లో లైకోపీన్ అదనం. టమాటాకు ఎరుపునిచ్చేది కూడా ఈ లైకోపీనే.

ఉసిరి: విటమిన్ సి ఇంకా ఎక్కువ. దానితోపాటు వగరునిచ్చే టానిన్లు ఉంటాయి. ఇవి ఎండబెట్టినప్పుడు విటమిన్ సి అంత త్వరగా పాడవవు.

నేరేడు: పండు ఊదా రంగుకు కారణం ఆంథోసయనిన్లు. గింజలో టానిన్లు ఎక్కువ. పులుపు తగ్గితే, వేడి తగిలితే ఈ రంగు మారిపోతుంది.

నిమ్మ, పంపర పనస: రసంలో విటమిన్ సి, తొక్కలో హెస్పరిడిన్, నరింజిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. తొక్క నూనెలో ప్రమాదకరమైన పదార్థం కూడా ఉంది. దాని సంగతి కింద చెప్పాను.

మామిడి: తొక్కలో మాంగిఫెరిన్ ఉంటుంది. టెంక లోపలి జీడి నుంచి తీసే కొవ్వును సౌందర్య సాధనాల్లో వాడతారు. నూజివీడు ప్రాంతంలో రసం తీసిన తర్వాత పారేసే తొక్క, టెంకలకు ఈ విధంగా విలువ రావచ్చు.

కోకో, ఆయిల్‌పామ్: కొబ్బరిలో అంతర పంటగా వేసే కోకో గింజల్లో పాలీఫినాళ్లు ఎక్కువ. అయితే చాక్లెట్ రుచి కోసం గింజలను పులియబెట్టినప్పుడు అవి తగ్గుతాయి. ఆయిల్‌పామ్ ముడి నూనెకు ఎర్ర రంగునిచ్చే కెరోటినాయిడ్లు, విటమిన్ ఇ జాతికి చెందిన టోకోట్రైనాళ్లు కూడా యాంటీ ఆక్సిడెంట్లే. ఆయిల్‌పామ్‌పై జాతీయ స్థాయి పరిశోధన సంస్థ ఏలూరు పక్కన పెదవేగిలోనే ఉంది.

అంటే మన పంటల్లో సరుకు ఉంది. అది పండులో ఉండటం వేరు, పొడిలో మిగలడం వేరు, క్రీములో నిలవడం వేరు, చర్మంపై పనిచేయడం వేరు. ఒక్కో మెట్టుకు ఒక్కో పరీక్ష ఉంటుంది. మొదటి మెట్టు పరీక్ష చూపించి చివరి మెట్టు ఎక్కామని ఎవరైనా అంటే నమ్మరాదు.

మొదటి మెట్టు: గాజు గొట్టంలో చేసే పరీక్షలు

సాధారణంగా రైతుల చేతికి వచ్చే నివేదికల్లో ఈ మూడు పేర్లు కనిపిస్తాయి.

1. డీపీపీహెచ్ పరీక్ష: ఊదా రంగు ద్రావణంలో పండ్ల సారం కలుపుతారు. యాంటీ ఆక్సిడెంట్లు ఉంటే ఊదా రంగు తగ్గి పసుపు వైపు తిరుగుతుంది. ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల కాంతి వద్ద యంత్రంతో కొలిచి శాతంగా రాస్తారు.

2. ఫ్రాప్ పరీక్ష: ఇనుము ఒక రూపం నుంచి మరో రూపానికి మారినప్పుడు వచ్చే నీలి రంగును కొలుస్తారు. రంగు ఎంత చిక్కగా ఉంటే సారానికి అంత శక్తి ఉన్నట్టు.

3. మొత్తం ఫినాళ్ల పరీక్ష: ఫోలిన్ అనే రసాయనంతో చేస్తారు. ఫలితాన్ని గాలిక్ ఆమ్లంతో పోల్చి చెబుతారు. ఈ రసాయనం ఫినాళ్లతోనే కాక విటమిన్ సితోనూ, కొన్ని చక్కెరలతోనూ, నిల్వకు కలిపే సల్ఫైట్‌తోనూ రంగు ఇస్తుంది. అందుకే అంకె పెద్దదైనంత మాత్రాన ఫినాళ్లు అన్ని ఉన్నాయని అర్థం కాదు.

ఈ పరీక్షలు చవక, త్వరగా అవుతాయి. రెండు రకాల పండ్లను, రెండు ఎండబెట్టే పద్ధతులను పోల్చడానికి బాగా పనికొస్తాయి. అంతవరకే. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువ ఉందని వస్తే, ఆ ఏడు ధాన్యం దిగుబడి పెరుగుతుందని ఎవరూ పందెం కట్టరు కదా! ఇదీ అంతే. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు పండ్లు, కూరగాయల యాంటీ ఆక్సిడెంట్ విలువల పట్టికను అందరికీ అందుబాటులో ఉంచింది. గొట్టంలో వచ్చే ఆ అంకెలకూ మనిషి శరీరంలో జరిగే మేలుకూ పొంతన లేదని, వ్యాపారులు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నారని 2012లో దాన్ని తొలగించింది.

‘85 శాతం’ ఎందుకు చాలదు?

నివేదికలో శాతం ఒక్కటే ఉంటే అది సగం సమాచారం. ఎంత సారం వాడితే 85 శాతం వచ్చింది? లీటరు నీటికి ఎంత మందు కలిపారో చెప్పకుండా ‘పురుగు 85 శాతం చచ్చింది’ అంటే ఆ మాటకు విలువ ఉండదు. సారం చిక్కగా పోస్తే చిక్కటి టీ డికాషన్‌కు కూడా అంతే శాతం వస్తుంది.

అందుకే ‘ఐసీ 50’ విలువ అడగాలి. ఊదా రంగును సగానికి తగ్గించడానికి ఎంత సారం కావాలో అది చెబుతుంది. ఈ అంకె ఎంత తక్కువైతే సరుకు అంత శక్తివంతం. దాని పక్కనే అదే రోజు, అదే పద్ధతిలో పరీక్షించిన స్వచ్ఛమైన విటమిన్ సి విలువ కూడా ఉండాలి. తూకం వేసే ముందు కాటా సరిచూసుకున్నట్టు ఇది.

రెండో మోసం తేమ దగ్గర జరుగుతుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఎంత గొడవో మనకు తెలుసు. ఇక్కడా తేమే కీలకం. 82 శాతం నీరున్న 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉందనుకుందాం. అదే విలువను నీరు తీసేసిన లెక్కలో చెబితే 100 గ్రాములకు సుమారు 1,100 మిల్లీగ్రాములు అవుతుంది. పండు అదే, విటమిన్ అదే. లెక్క మాత్రమే మారింది. ‘మా రకంలో ఐదు రెట్లు ఎక్కువ’ అని ఎవరైనా చెబితే, పచ్చి పండు లెక్కా, ఎండు పొడి లెక్కా అని ముందు అడగండి.

రెండో మెట్టు: భద్రత పరీక్షలు

రైతు చేతిలో ఎక్కువగా ఉండేది ఈ మెట్టే. సరుకు తిరస్కరణకు గురయ్యేదీ ఎక్కువగా ఇక్కడే.

పురుగుమందుల అవశేషాలు: 100 కిలోల కాయ 17 కిలోల పొడి అయితే, తొక్కపై మిగిలిన మందు కూడా నాలుగైదు రెట్లు చిక్కబడవచ్చు. పచ్చి కాయలో హద్దు లోపల ఉన్న మందు పొడిలో హద్దు దాటవచ్చు. జామలో పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు పెట్టడం, రాలిన కాయలను ఏరి పూడ్చడం, కాయలకు సంచులు తొడగడం ద్వారా మందుల వాడకం తగ్గించవచ్చు. మందు కొట్టక తప్పకపోతే ఏ మందు, ఏ తేదీన, ఎంత మోతాదులో కొట్టారో పుస్తకంలో రాసుకోవాలి. డబ్బాపై రాసిన గడువు పూర్తయ్యాకే కాయ కోయాలి.

భార లోహాలు: సీసం, ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం చూస్తారు. సౌందర్య సాధనాల్లో వాడే పొడులకు సాధారణంగా సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. రోడ్డు పక్కన, మిల్లు బూడిద పడేచోట కాయలు, ముక్కలు ఆరబెట్టకూడదు. కాలుష్యం నుంచి కాపాడే సరుకునే కాలుష్యంలో ఆరబెడితే ఇక అర్థం ఏముంది?

సూక్ష్మజీవులు: అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పెద్దలు వాడే సాధారణ చర్మ ఉత్పత్తుల్లో గ్రాముకు 1,000కి మించి, కళ్ల చుట్టూ వాడేవాటిలో, చిన్నపిల్లల ఉత్పత్తుల్లో 100కి మించి సూక్ష్మజీవులు ఉండకూడదు. హాని చేసే కొన్ని రకాలు అసలే కనిపించకూడదు. నేల మీద పరదా వేసి ఎండబెట్టిన పొడి ఈ పరీక్షలో నెగ్గడం కష్టం.

చర్మం మంట, దురద: మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడం 2014 నుంచి నిషేధం. అందువల్ల ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మ కణాల పొరపై పరీక్షిస్తారు. ఆ తర్వాతే చర్మ వైద్యుల పర్యవేక్షణలో మనుషుల వీపుపైనో, చేతిపైనో చిన్న పట్టీ వేసి చూస్తారు.

ఎండలో మంట: నిమ్మ జాతి పండ్ల తొక్క నూనెలో ఫ్యూరోకౌమరిన్లు ఉంటాయి. ఇవి చర్మంపై ఉండగా ఎండ తగిలితే బొబ్బలు లేచి, తర్వాత నల్ల మచ్చలు పడతాయి. సహజమైనదే కదా అని నిమ్మచెక్క ముఖానికి రుద్దుకుని నాట్లకు వెళ్లే అక్కచెల్లెళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. అలా చేయవద్దు. కంపెనీలు కూడా నిమ్మ, పంపర పనస సారం వాడేముందు ఎండ పరీక్ష చేయాల్సిందే.

మూడో మెట్టు: కాలుష్యంపై పనిచేస్తుందా?

అసలు ప్రశ్న ఇది. దీనికి మూడు రకాలుగా జవాబు వెతుకుతారు.

ముందు కణాలపై. ప్రయోగశాలలో పెంచిన చర్మ కణాలకు పండ్ల సారం పట్టించి, ఆపైన నగర ధూళి సారం, సిగరెట్ పొగ లేదా ఓజోన్ తగిలేలా చేస్తారు. కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి, వాపును సూచించే పదార్థాలు ఎంత పెరిగాయో కొలుస్తారు. సారం పట్టించిన కణాలను, పట్టించని కణాలతో పోలుస్తారు.

తర్వాత క్రీములో. సారం క్రీములో కలిశాక నిలుస్తుందా? దీనికి సాధారణంగా 40 డిగ్రీల వేడిలో మూడు నెలలో, ఆరు నెలలో ఉంచి రంగు, వాసన, పులుపు స్థాయి, అసలు పదార్థం శాతం చూస్తారు. విటమిన్ సి నీటిలో త్వరగా విరిగి గోధుమ రంగుకు మారుతుంది. పండులో మెండుగా ఉన్నది డబ్బాలో మూడు నెలలు నిలవకపోతే వాడేవారికి ప్రయోజనం లేదు.

చివరగా మనుషులపై. నైతిక కమిటీ అనుమతితో, వాడేవారి లిఖిత అంగీకారంతో చేయాలి. ఒక చేతికి పండ్ల సారం ఉన్న క్రీము, రెండో చేతికి సారం లేని అదే క్రీము రాస్తారు. నియంత్రిత మోతాదులో పొగ లేదా ఓజోన్ తగిలాక చర్మంపై జిడ్డును సేకరించి, స్క్వాలీన్ ఎంత ఆక్సీకరణ చెందిందో చూస్తారు.

‘సారం లేని అదే క్రీము’ ఎందుకు? ఏ క్రీమైనా చర్మంపై పొరలా ఏర్పడి కొంత దుమ్మును అడ్డుకుంటుంది. ఆ మేలును పండు ఖాతాలో వేయకూడదు. మనం ప్రదర్శన క్షేత్రంలో మందు కొట్టిన మడి పక్కనే మందు కొట్టని మడి ఉంచుతాం. ఈ పరీక్షలోనూ అంతే. పోల్చడానికి రెండో మడి లేని ఫలితం ఏదైనా ప్రచారం కిందే లెక్క.

ఇంకో సంగతి. సన్‌స్క్రీన్‌కు ఎస్‌పీఎఫ్ అనే కొలత ఉంది. దాన్ని కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఉంది. కాలుష్యం నుంచి రక్షణకు అందరూ ఒప్పుకున్న అలాంటి ఒకే కొలత లేదు. ఒక కంపెనీ పొగతో, ఇంకో కంపెనీ ధూళితో, మరొకటి ఓజోన్‌తో పరీక్షిస్తుంది. అందువల్ల ‘కాలుష్య పరీక్షలో నెగ్గింది’ అన్నప్పుడు ఏ కాలుష్యం, ఏ పద్ధతి, ఎంతమందిపై అన్నవి అడగాలి.

పొడి తయారుచేసే సంఘాలకు సూచనలు

1. ఒకే రకం, ఒకే పక్వ దశలో ఉన్న కాయలు తీసుకోవాలి. కాయ దశను బట్టి విటమిన్ సి, టానిన్లు మారతాయి. కొనేవారు ఏ దశ కావాలంటున్నారో రాతపూర్వకంగా తీసుకోవాలి.

2. కోసిన రోజే శుభ్రమైన నీటితో కడిగి, పుచ్చులు, దెబ్బతిన్నవి తీసేయాలి.

3. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులు, పళ్లేలు మాత్రమే వాడాలి. రాగి, ఇనుము తగిలితే విటమిన్ సి త్వరగా పాడవుతుంది.

4. నేరుగా ఎండలో కాక ట్రే డ్రయ్యరులో 50 నుంచి 55 డిగ్రీల వద్ద పల్చని ముక్కలుగా ఆరబెట్టాలి. త్వరగా అయిపోవాలని వేడి పెంచితే పొడి దిగుతుంది కానీ అందులో సత్తువ తగ్గుతుంది.

5. పొడిలో తేమ 5 శాతం దగ్గరకు తేవాలి. గాలి, వెలుతురు చొరబడని సంచుల్లో సీలు వేయాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పొడిని తెరిచి ఉంచితే కొన్ని గంటల్లోనే గడ్డకడుతుంది.

6. ప్రతి బ్యాచ్‌కు నంబరు, కోత తేదీ, ఆరబెట్టిన తేదీ, రైతు పేరు రాయాలి.

7. ఎరువుల నమూనా తీసేటప్పుడు మూడు భాగాలు చేసి సీలు వేస్తాం. ఇక్కడా అలాగే చేయండి. ఒకటి ప్రయోగశాలకు, ఒకటి కొనేవారికి, ఒకటి మీ దగ్గర. మూడింటిపై ఇద్దరి సంతకాలు ఉండాలి. రేపు సరుకు బాగాలేదని తిప్పి పంపితే మీ చేతిలో రుజువు ఉంటుంది.

లెక్క వేసుకోండి

100 కిలోల జామలో 10 కిలోలు తీసివేతకు పోతే 90 కిలోలు మిగులుతాయి. 82 శాతం నీరు పోగా ఘన పదార్థం సుమారు 16 కిలోలు. 5 శాతం తేమతో పొడి 17 కిలోలు వస్తుంది. కాయ ధర కిలో 20 రూపాయలు అనుకుంటే, పొడి కిలోకు కాయ ఖర్చే సుమారు 118 రూపాయలు. దీనిపై కోత కూలి, కరెంటు, సంచులు, రవాణా, పరీక్షల రుసుము కలపాలి. ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఊరి ధరలతో మీరే వేసుకోండి. కంపెనీ ఇస్తానన్న ధర ఈ మొత్తానికి పైన ఎంత ఉందో అదే మీ లాభం. పచ్చి కాయ తాజాగా అమ్మితే వచ్చే దానికంటే అది ఎక్కువైతేనే ఈ శ్రమ.

అనుమతుల్లో పొరపాటు వద్దు

పండు పండించి అమ్మడానికి సౌందర్య సాధనాల లైసెన్సు అక్కరలేదు. తినే పొడిగా అమ్మితే ఆహార భద్రత సంస్థ నమోదు కావాలి. ఫేస్ ప్యాక్, క్రీము, సబ్బు తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి తయారీ లైసెన్సు ఉండాలి. ఆహార నమోదు నంబరు ముద్రించి ముఖానికి రాసే పొడి అమ్మడం చెల్లదు. వాడేవారిని తప్పుదోవ పట్టించే మాటలు డబ్బాపై రాయడమూ నిషేధమే.

2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఆహార యూనిట్ల కోసం ఉద్దేశించింది. దాన్ని చూపి ఫేస్ ప్యాక్ యూనిట్‌కు రాయితీ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు.

సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. నివేదికలో ఉన్న నమూనా ఏ తోటది, ఏ రకం, ఏ తేదీన తీసింది?
2. ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా? ఉంటే ఈ పరీక్షకే ఉందా? గుర్తింపు ఒక్కో పరీక్షకు విడిగా ఇస్తారు. నీటి పరీక్షకు గుర్తింపు ఉన్న ప్రయోగశాల యాంటీ ఆక్సిడెంట్ పరీక్షకు కూడా గుర్తింపు పొందినట్టు కాదు.
3. ఐసీ 50 ఎంత? పోల్చిన విటమిన్ సి విలువ ఎంత? పచ్చి లెక్కా, ఎండు లెక్కా?
4. కాలుష్యంపై పరీక్ష కణాలపై చేశారా, మనుషులపై చేశారా? సారం లేని క్రీముతో పోల్చారా?
5. ‘తగిన నాణ్యత’ అంటే తేమ ఎంత, విటమిన్ సి కనీసం ఎంత, అవశేషాల హద్దు ఎంత? అంకెల్లో రాస్తారా?
6. పరీక్ష ఖర్చు ఎవరిది? ఫలితంపై తేడా వస్తే ఏ మూడో ప్రయోగశాల మాట చెల్లుతుంది?
7. కాయ తీసుకోకపోతే పరిహారం ఏమిటి? మొక్కలు బయట కొనుక్కోవచ్చా?

చివరి ప్రశ్న చిన్నది కాదు. జామ నారుతో వేరు బుడిపె నులిపురుగు తోటకు వస్తుంది. ఒకసారి నేలలో చేరితే వదిలించడం చాలా కష్టం. మొక్క కొనేటప్పుడు సంచి విప్పించి వేర్లపై బుడిపెలు ఉన్నాయో లేదో చూడాలి. ఆ అవకాశం ఇవ్వని చోట కొనరాదు. పైగా మన అత్తిలి వైపు బంక నేలల్లో, కాలువ కింద నీరు నిలిచే చేలలో జామ వేయాలంటే ఎత్తు కట్టలు, మురుగు కాలువలు తప్పనిసరి. చుట్టూ వరి ఉంటే ఊట నీరు మన తోటలోకే వస్తుంది.

ఆ రైతు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లి ఫోనులో అడిగారు. మొదటి రెండింటికి జవాబు రాలేదు. ఐదో దానికి ‘తర్వాత చూద్దాం’ అన్నారట. ఆయన సంతకం చేయలేదు. ఇంటి వెనక మెరక దొడ్లో ఇరవై జామ మొక్కలు, వేర్లు చూసి మరీ తెచ్చి వేశారు. ఎకరం చేనులో ఎప్పటిలాగే సార్వా ఊడ్చారు. నాలుగు నెలల తర్వాత కనిపించి, “ప్రశ్నలు అడిగితే వాళ్లే ఫోను ఎత్తడం మానేశారండి” అన్నారు.

ఈ రంగంలో నిజాయతీగా కొనేవారు లేరని నా ఉద్దేశం కాదు. ఉన్నారు. వారు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. నమూనా ముందే తీసుకుంటారు, హద్దులు అంకెల్లో రాస్తారు, మొదటి ఏడాది చిన్న మొత్తంతో మొదలుపెడతారు. అలాంటివారు దొరికితే ఉన్న చెట్ల కాయతోనే ఒకటి రెండు బ్యాచ్‌లు ఇచ్చి చూడండి. డబ్బు చేతికి వచ్చాకే కొత్త తోట ఆలోచించండి.

రకాల ఎంపిక, ఆరబెట్టే పద్ధతులపై సలహా కోసం తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పాటైన ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు. పండ్ల శుద్ధి సాంకేతికతకు మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. ఒప్పందం కాగితం అర్థం కాకపోతే సంతకానికి ముందే మీ రైతు సేవా కేంద్రానికి తీసుకురండి. సంతకం చేశాక చేయగలిగింది తక్కువ.